ఊరేగింపులో రేసు కారు

తనకు మార్కెట్ యార్డు చైర్మన్ పదవి ఇప్పించగల నాయకుణ్ణి పత్తికొండలో ఊరేగించాలని రాజశేఖర్ బెంగుళూరులో పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. మూడు నెలల్లో టర్బో పోయింది, గేర్‌బాక్సు పోయింది. ఇప్పుడు మెకానిక్ ఓబులేసు వెనక సీట్లో కూర్చోనిదే అది ఇల్లు కదలదు.

ఆ రోజు నాయకుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రాజశేఖరే కారు నడిపాడు. డప్పుల వెనక ఊరేగింపు మనిషి నడకన సాగింది. సంత దగ్గర కారు ఆగిపోయి, బానెట్లోంచి ఆవిరి లేచింది.

"నీళ్లు పోయప్పా," అన్నాడు రాజశేఖర్.

ఓబులేసు కదల్లేదు. "ఇంత వేడిమీద రేడియేటర్ మూత తీస్తే నా మొగం కాలుతాది. ఉరికే బండిని పెండ్లికొడుకు మాదిరి నడిపిస్తాండావు. గాలి తగలకుంటే యాడ చల్లబడతాదన్నా?"

నాయకుడు దిగి, వెనకనున్న టమోటా వ్యాను ఎక్కాడు. "నీ పేరేమప్పా?" అని దాని యజమానిని ఆప్యాయంగా అడుగుతున్నాడు.

రాజశేఖర్ స్టీరింగు పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"ఇంకేం చూస్తావన్నా," అన్నాడు ఓబులేసు. "దిగి తోయి."