దిండు మీద లాప్‌టాప్

2009 మే 21, గురువారం ఉదయం పదిన్నరకు అమలాపురంలోని తన షాపులో వీరబాబు ఒక లాప్‌టాప్ అడుగు మూత విప్పాడు. ఫ్యాను రెక్కల మధ్య దూది ఉంది.

దాన్ని తెచ్చింది అమ్మాజీ. ప్రాథమిక పాఠశాలలో టీచరు, ముక్తేశ్వరంలో ఇల్లు. బల్లకు ఇవతల స్టూలు మీద కూర్చుని చూస్తోంది. అంతకుముందు ఇంకో షాపు వాళ్ళు పది రోజులు ఉంచుకుని, విండోస్ మళ్ళీ ఎక్కించి, బాగైపోయిందని ఇచ్చేశారు. ఇంటికి తీసుకెళ్ళిన రోజే అరగంటకు ఆగిపోయింది. వాళ్ళు మూత విప్పనే లేదని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

వీరబాబు పట్టకారుతో దూదిని లాగాడు. ఫ్యాను గూడు ఆకారంలో ఒక్క ముక్కగా వచ్చింది.

"మేడం గారండీ, దీన్ని దేని మీద పెట్టి వాడతారండీ?"

"మావాడి ఒళ్ళో. కింద దిండు పెడతానండి."

"బూరుగు దూదేనాండీ?"

"ఆయ్."

"గాలి పీల్చే కంతలు అడుగునే ఉంటాయండి. దిండు మీద పెడితే మూసుకుపోతాయి. పైగా దూది లోపలికి లాగేసుకుంటాది." ఆమె ముఖం చూసి ఆగాడు. "అందరూ చేసేదేనండి. మొన్న ఒకాయనైతే పరుపు మీద పెట్టి, పైన దుప్పటి కూడా కప్పేరు, చలేస్తాదని."

అమ్మాజీ నవ్వలేదు. ఆ దిండు ఆమె కుట్టిందే.

ఆమె కొడుకు శ్యామ్ బాబుకి ఇరవై ఏళ్ళు. కండరాలు క్షీణించే జబ్బు. ఆరో తరగతిలో నడక ఆగిపోయింది, తర్వాత ఎడం చెయ్యి. తండ్రి దేవదానం అప్పటికే లేడు. 2008లో మేనమామ కృపారావు కువైట్ నుంచి వస్తూ, తను డ్రైవరుగా ఉన్న ఇంటివాళ్ళ అబ్బాయి వాడి వదిలేసిన లాప్‌టాప్ తెచ్చాడు. ఆటల కోసం చేసింది, బరువు ఎక్కువ. అందులో కార్ల పందెం ఉంది. శ్యామ్ కుడిచేతి మూడు వేళ్ళతో ఆడేవాడు. ఒక్కో పందెం గెలుస్తూ చివరిదాకా వచ్చాడు. చివరిది గంట సేపు నడుస్తుంది. మధ్యలో ఆపి దాచుకోవడానికి వీల్లేదు.

ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో, స్నానం చేయిస్తూ కొడుకు తొడమీద కమిలిన మచ్చ చూసింది అమ్మాజీ. లాప్‌టాప్ వేడికి. పక్కింటి సూర్యావతి వేసవిలో ఏరి దాచిన బూరుగు దూది తీసుకుని, దిండు కుట్టి, చుట్టూ లేసు అల్లింది. వేడిగా ఉండకూడదని గలేబుకి వాయిలు గుడ్డ తీసుకుంది. "పల్చటి గుడ్డండీ టీచర్ గారూ, దూది రాలిపోద్ది," అని సూర్యావతి అంది. ఫిబ్రవరి నుంచి పందెం సగంలో ఉండగా లాప్‌టాప్ ఆగిపోవడం మొదలైంది.

జనవరిలో కాకినాడ డాక్టరు ఆమెను ఒక్కదాన్నీ లోపలికి పిలిచి, కుడిచెయ్యి ఈ వేసవి దాకా పనిచేస్తుందని, ఆ తర్వాత చెప్పలేమని అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పటికి ఇస్తారండీ?" అని వీరబాబుని అడిగింది.

అతను రాగి పలక ఎత్తి చూపించాడు. కింద చిప్పు మీద పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. చిప్పులో పుట్టే వేడిని రాగికి అందించేది ఆ పేస్టే. "నా దగ్గరున్న తెల్ల పేస్టు టీవీల్లోకి, ఆంప్లిఫయర్లలోకి వాడేదండి. వేసి చూస్తాను గానీ దీని వేడికి ఆగదనుకుంటాను."

వేసి చూశాడు. నలభై నిమిషాలకు ఆగిపోయింది.

"హైదరాబాద్ నుంచి తెప్పించాలండి. మావాడొకడున్నాడు అక్కడ. పది రోజులు పడతాది."

"బడులు తెరిచేలోగా ఇచ్చెయ్యండి. సెలవుల్లో నేను ఇంట్లో ఉంటాను. వాడి చెయ్యి కీల మీద పెట్టాలంటే ఎవరో ఒకరుండాలి."

"ఆయ్, ఇచ్చేస్తానండి."

పది రోజులకు పేస్టు రాలేదు. జూన్ ఒకటిన శ్యామ్‌కి దగ్గు, జ్వరం వచ్చాయి. ఆమె ఆసుపత్రిలో చేర్పించింది. ఆక్సిజన్ పెట్టారు. వారం తర్వాత ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు శ్యామ్ టీవీ చానల్ మార్చబోయాడు. రిమోటు మీద బొటనవేలు ఉంది, మీట దిగలేదు.

"బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి," అంది సూర్యావతి.

"బ్యాటరీలేనండి అత్తా," అన్నాడు శ్యామ్.

అమ్మాజీ వంటింట్లో ఉండి విన్నది.

జూన్ 11న వీరబాబు మోటార్‌సైకిల్ మీద తనే వచ్చాడు. పేస్టు ముందురోజు చేతికొచ్చింది. పాతది స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత వేసి, మరలు ఎదురెదురుగా బిగించి, రాత్రంతా నడిపి చూశానని చెప్పాడు. ఈసారి దిండు వద్దన్నాడు. అమ్మాజీ తన పరీక్ష అట్ట తెచ్చి మంచానికి అడ్డంగా ఉండే బల్లమీద పెట్టింది. దానిమీద లాప్‌టాప్ పెట్టి, గాలి ఆడేందుకు వెనక రెండు అగ్గిపెట్టెలు ఎత్తు పెట్టాడు వీరబాబు.

ఆట తెరిచారు. అమ్మాజీ కొడుకు చెయ్యి ఎత్తి కీల మీద పెట్టింది. కారు గీత దగ్గర నిలబడి ఉంది. మిగతావి వెళ్ళిపోయాయి.

వీరబాబు వంగి ఒక కీ నొక్కాడు. కారు కదిలింది. వదిలాడు, ఆగింది. శ్యామ్ వేలి వైపు చూశాడు.

"బాబు గారూ, కీబోర్డు కాస్త బిగుసుకున్నట్టుందండి. వేరేది వేసి తెస్తాను."

"కీబోర్డు బాగానే ఉందండి," అన్నాడు శ్యామ్. "వేడి ఎంత ఉంటాదండీ?"

"డెబ్భై డిగ్రీలు దాటట్లేదండి. ఇదివరకు తొంభై ఐదు."

"బాగా చేసేరండి."

వీరబాబు టీ తాగకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కరెంటు కోత అయ్యాక అమ్మాజీ మంచం పక్కన కూర్చుంది. దిండు కుర్చీలో ఉంది.

"ఆ దిండేరా నాన్నా. దాని దూదే లోపలికి పోయింది. వీరబాబు గారు షాపులోనే చెప్పేరు. నీకు చెప్పలేదు నేను."

"నాకు తెల్సమ్మా."

"ఏంటి తెల్సు?"

"దిండు మీద పెట్టకూడదని. ఫిబ్రవరిలోనే నెట్‌లో చూసేను."

"మరి చెప్పవేం రా!"

"చెప్తే కాళ్ళు కాల్తాయని లాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టేద్దువు. అయినా సెలవులన్నీ కూర్చుని లేసు అల్లేవు. ఎలాగోలా ఒక్క పందెం అవ్వకపోద్దా అనుకున్నాను." తన వేళ్ళ వైపు చూశాడు. "చెయ్యి ఉంటాదనుకున్నాను."

డాక్టరు మాట చెప్పాలని అమ్మాజీ నోరు తెరిచింది. చెప్పలేదు.

"రేపు బడి కదా," అన్నాడు శ్యామ్. "ఇవాళ ఇద్దరం ఆడేద్దాం. నా వేళ్ళ మీద నీ వేళ్ళు పెట్టు. నేను చెప్పినప్పుడు నొక్కు."

మొదలుపెట్టారు. మొదటి మలుపులోనే కారు గోడకు కొట్టుకుంది.

"ఎడం అన్నానమ్మా. అది నీ ఎడమేనా?"

"నొక్కేను కదరా!"

"నొక్కేవు. గోడ తగిలాక నొక్కేవు. ఐనవిల్లి ఆటో కాదిది, చెయ్యెత్తితే ఆగడానికి."

గుమ్మంలో నిలబడ్డ సూర్యావతి, "టీచర్ గారు కాలవలోకి దించేసేరండోయ్," అంది.

"ఫెయిల్ చేసెయ్యండి అత్తా. దయ చూపించకండి," అన్నాడు శ్యామ్.

రెండుసార్లు దారి తప్పారు. ఒకసారి వెనక్కి వెళ్ళారు. తర్వాత గోడలు తగలడం తగ్గింది. "కుడి," అనేవాడు, ఆమె అతని వేలిని నొక్కేది. "వదులు," అనేవాడు, వదిలేది. సూర్యావతి బియ్యం పొయ్యిమీద పెట్టాలని వెళ్ళింది.

అరగంట దగ్గరికొచ్చాక శ్యామ్ గొంతు తగ్గించి చెప్పసాగాడు. అమ్మాజీ తెర మీంచి చూపు తిప్పలేదు. ఇదివరకు తెర నల్లబడేది ఇక్కడే. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. సముద్రం పక్క రోడ్డు దాటింది, వంతెన దాటింది. తెర నల్లబడలేదు.

"ఇక్కణ్ణుంచి నేనెప్పుడూ చూడలేదమ్మా," అన్నాడు శ్యామ్. "మలుపులు నాకూ తెలీవు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"మెల్లగా పోనీ."

మెల్లగా పోనిచ్చింది. మిగిలిన కార్లు అప్పటికే పందెం ముగించాయి. రోడ్డు మీద వీళ్ళ కారు ఒక్కటే ఉంది. ఒక సొరంగంలో గోడకు రాసుకుంది.

సాయంత్రం నాలుగున్నరకు కారు చివరి గీత దాటింది. పదహారు కార్లలో పదహారో స్థానం. తెరమీద శ్యామ్ పేరు వచ్చింది.

"అయిపోయిందా?" అంది అమ్మాజీ.

"అయిపోయిందమ్మా."

ఆమె రెండో చేత్తో లాప్‌టాప్ అడుగున తడిమి చూసింది. గోరువెచ్చగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. అమ్మాజీ తన వేళ్ళు తీసింది. శ్యామ్ వేళ్ళు కీల మీదే ఉన్నాయి.