చివర మిగిలిన పాట

మా అమ్మాయి మూడు సినిమా టిక్కెట్లు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

"మధ్యాహ్నం ఆట. మావయ్య వస్తానన్నాడు. నువ్వు కాళ్ళనొప్పుల పురాణం విప్పకు," అంది.

"ఏం సినిమా?"

"మీ కాలం రాక్ పాటలన్నీ ఏరి, వాటి చుట్టూ కథ అల్లారమ్మా. మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి వెళ్ళిపోతారు. హాల్లో జనం కూడా లేచి పాడుతున్నారట."

"అవి నా కాలం పాటలు కావు. మీ మావయ్యవి."

"మీ ఇద్దరికీ మూడేళ్ళే కదా తేడా!"

చేతిలో ఉన్న బడిపిల్లల చొక్కాకి గుండీలు కుడుతూ ఉండిపోయాను.

మా తమ్ముడు బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. వచ్చే నెల రిటైరవుతాడు. ఇరవయ్యేళ్ళ వయసులో వాడు ముగ్గురు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టాడు. గిటారు వాయిస్తూ పాడేవాడు. ఒక సిమెంటు గోదాములో, బస్తాల మధ్య కూర్చుని, సొంతంగా కట్టిన పాటలు రికార్డు చేసుకున్నారు. ఒకే ఒక్క క్యాసెట్, అదీ ఒకవైపే. అది ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా బీరువాలో బట్టల కింద ఉంది. ఉందని వాడికి తెలియదు.

హాలు నిండిపోయింది. ఎక్కువమంది మా ఈడువాళ్ళే. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కినవాళ్ళు మొదటి పాట మొదలవగానే చప్పట్లు కొడుతూ లేచారు. కథ ఏమంత లేదు. ఎవరో అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళింది, ఎవరో ఆమె కోసం చూస్తున్నారు. కథ సాగుతూ సాగుతూ ఆగుతుంది, పాట అందుకుంటుంది. జనం దానికోసమే వచ్చారు. నా ముందు కూర్చున్న బట్టతల ఆయన ప్రతి పాటకూ ముందే పెదవులు కదుపుతున్నాడు. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు ఆయన ఎక్కడున్నాడో, పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఆయన అక్కడే ఉన్నాడు.

మాట చాలనిచోట మనిషి పాడతాడు. పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని నేను చేసేదీ అదే కదా అనిపించింది. మరి ఆ రోజుల్లో ఈ పాటలను నేను రొద అని ఎందుకన్నాను?

తమ్ముడు మాత్రం పాడలేదు. బొటనవేలితో కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాడు. వాడి గోళ్ళ చివర్లలో ఎంత రుద్దినా పోని గ్రీజు.

కాసేపటికి తెర మీద ఒక ఆసుపత్రి వరండా వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి మంచం పక్కన కూర్చుని పాడటం మొదలుపెట్టింది. ఆ పాట నాకు తెలుసు. తమ్ముడు మేడ మీద గిటారు చెవులు చిల్లులు పడేలా వాయిస్తూ పాడేవాడు. ఈ అమ్మాయి దాన్ని మెల్లగా, దాదాపు గుసగుసగా పాడింది. మాటలు నాకు మొదటిసారి వినబడ్డాయి. ఇంటికి వస్తున్నాను, దీపం ఆర్పకండి అని బతిమాలుకునే పాట అది.

తమ్ముడి బొటనవేలు ఆగిపోయింది. తల వంచుకున్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

విరామంలో మా అమ్మాయి టీ కోసం వెళ్ళగానే వాడిని బయటి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఒరేయ్, నీ క్యాసెట్ పాడుచేసింది నాన్న కాదురా. నేను."

వాడు నవ్వబోయాడు. "ఏ క్యాసెట్టు?" అన్నాడు, తెలిసి కూడా.

చెప్పాను. నాన్నకి మర్నాడు ఆపరేషన్. తిరిగి రారేమో అన్న భయం నా గుండెల్లో కూర్చుంది. ఆయన ప్రార్థన చదివే గొంతు దాచుకోవాలనిపించింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. తమ్ముడి క్యాసెట్ కనబడింది. దాని మీద ఇంకెవరూ రికార్డు చేయకుండా పైనున్న చిన్న ప్లాస్టిక్ రేకులు వాడు విరిచేసుకున్నాడు. మళ్ళీ రికార్డయ్యేలా నేను ఆ కంతల మీద కాగితం మడిచి అతికించి, నాన్న అరగంట ప్రార్థన ఎక్కించాను. తెలియక చేసింది కాదు. దేవుడి మాటే కదా ఎక్కిస్తున్నాను, రొద పోతే ఏం అనుకున్నాను. అలా ఎక్కించమని దేవుడు నన్ను అడిగాడా? అప్పుడు ఆ ప్రశ్న రాలేదు.

ఆ సంగతి వాడికి చెప్పే ధైర్యం చాలక క్యాసెట్ తీసిన చోటే పెట్టేశాను. నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. వారం తిరక్కుండానే తమ్ముడు ఆ క్యాసెట్ రేడియోవాళ్ళకి వినిపించడానికి పట్టుకెళ్ళాడు. మీట నొక్కితే నాన్న ప్రార్థన వచ్చింది. అక్కడున్నవాళ్ళు పగలబడి నవ్వారట. వాడు ఇంటికొచ్చి క్యాసెట్ నాన్న మంచం మీదకి విసిరాడు. "ఈ గొంతు ఎవరిది?" అని అరిచాడు. నాన్న ఒక్కసారి నా వైపు చూశారు. "నాదే," అన్నారు. అంతే. ఆ సాయంత్రమే తమ్ముడు ఇల్లు వదిలాడు. గిటారు అమ్మేశాడు. ఊళ్ళోనే ఉండి, నా పెళ్ళయ్యాక మా ఇంటికి వస్తూ పోతూ, నాన్నతో మాత్రం పన్నెండేళ్ళు మాట్లాడలేదు. నాన్న పోయిన రోజున కూడా గేటు బయటే నిలబడ్డాడు.

"ఆయనకి తెలుసా నువ్వేనని?"

"తెలుసు."

"మరి నోరు విప్పలేదేం?"

"నన్ను కాపాడారు. నేను కాపాడనిచ్చాను."

వాడు రెయిలింగు పట్టుకున్నాడు. "నాన్నకి టేపురికార్డరు ఆన్ చేయడం కూడా రాదు," అన్నాడు. "క్యాసెట్ ఎటు తిప్పి పెట్టాలో నన్నే అడిగేవారు. ఆ కాగితం అతికించడం ఆయన వల్ల ఏమవుతుంది? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట నాకు తట్టలేదు చూడు. తట్టనివ్వలేదేమో."

"నన్ను తిట్టరా."

"ఆగు. నిన్నేమనాలో ఇంకా తెలీడం లేదు. అది ఉందా నీ దగ్గర?"

మా అమ్మాయి టీ కప్పులతో వచ్చేసరికి మేం మెట్లు దిగుతున్నాం. "సగం సినిమాకే లేస్తే ఎలా? అందరూ కలిసి పాడేది చివర్లోనేనటమ్మా!" అని వెనకాలే అరుచుకుంటూ వచ్చింది.

ఇంట్లో టేపురికార్డరు కుట్టుమిషను కింద అరలో ఉంటుంది. మనసు బాగోలేని రోజున తలుపు వేసుకుని నాన్న గొంతు వింటాను. ప్రార్థన అయిపోగానే ఆయన చిన్నగా దగ్గుతారు. ఆ దగ్గు వినబడగానే నా వేలు ఆపే మీట మీదకి వెళ్తుంది. దాని తర్వాత ఏముందో ఒక్కసారి కూడా వినలేదు.

ముగ్గురం నేల మీద కూర్చున్నాం. నాన్న చదువుతున్నారు. తమ్ముడు కళ్ళు మూసుకోలేదు, చేతులు జోడించలేదు. తిరుగుతున్న చక్రాలనే చూస్తున్నాడు. దగ్గు వచ్చింది. అలవాటుగా నా చెయ్యి కదిలింది. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

టక్కుమని చప్పుడు. తర్వాత డ్రమ్ములు, గిటారు, వాటి మీద ఇరవయ్యేళ్ళ కుర్రవాడి గొంతు. అరనిమిషం కూడా లేదు. ఎవరో "అబ్బ, బాగా వచ్చిందిరా!" అనడం, నవ్వులు. ఆ తర్వాత ఏమీ లేదు.

మా అమ్మాయి నోరు తెరుచుకుని మావయ్య వైపు చూసింది. "నువ్వా అది?"

"శ్రుతి తప్పింది," అన్నాడు వాడు. "రేడియోవాళ్ళు ఎలాగూ తీసుకునేవాళ్ళు కాదు."

అది నాకోసం అన్నాడని తెలుసు. నిజమో కాదో చెప్పడానికి మిగతా పాటలు లేవు.

వాడు క్యాసెట్ వెనక్కి తిప్పాడు. పాట మొదటికి కాదు, పూర్తిగా. నాన్న గొంతు మళ్ళీ మొదలైంది. ఈసారి చివరిదాకా, దగ్గూ పాటా నవ్వులూ అన్నీ విని, క్యాసెట్ బయటికి తీశాడు. కిటికీ వెలుగులో పట్టుకుని, పసుపు రంగుకి తిరిగిన ఆ కాగితాన్ని గ్రీజు గోటితో కొద్దికొద్దిగా గీకి తీసేశాడు.