మెడలో అట్ట

మూడో పీరియడ్ మొదలై పది నిమిషాలైనా నిస్సీ ఇంకా పాఠం ఎత్తుకోలేదు. తరగతి గుమ్మం పక్కన చేపల తట్ట దించుకుని పాపాయమ్మ నిలబడి ఉంది.

"మేడంగారూ, మా తేజస్విని మెళ్లో ఏత్తారే అట్ట, అలాంటిదే ఇంకోటి రాసివ్వండి. ఇంట్లోకి కావాలి."

"ఇంట్లోకా?" నిస్సీ గొంతు తగ్గించి అడిగింది.

"మరి మీరే చెప్పారు గదండీ, ఎండాకాలంలో మా ఇంటికొచ్చినప్పుడు. ఇంటికాడ కూడా ఇంగిలీసే మాట్టాడించండని. మా అబ్బాయి బాబ్జీ సముద్రం మీదికి వేటకెళ్తే పది రోజులకి గానీ రాడు. కోడలు రొయ్యల షెడ్డుకి పోద్ది. నాకా, ఒక్క ముక్క రాదు. కనీసం తెలుగైనా మానిపిద్దామని గట్టిగా చెప్పాను. మంచి పిల్లండీ, మానేసింది. ఇప్పుడు అసలు నోరే ఇప్పట్లేదు. ఆకలైతే గిన్నె తెచ్చి నా ముందు పెట్టుద్ది. అట్ట ఏత్తే ఆ ఇంగిలీసు బయటికొచ్చిద్దేమోనని..."

మనవరాలు బాగుపడుతోందన్న సంబరం ఆ ముసలిదాని ముఖంలో కనిపిస్తూనే ఉంది.

ఆ మాట నిస్సీ చెప్పిందే. మే నెల ఎండలో టీచర్లందరూ ఊళ్లమీద పడి తలా పదిమంది పిల్లల్ని చేర్పించాలి. ఏ ఇంట్లో ఏం చెప్పాలో కరెస్పాండెంట్ ప్రకాశరావు కాగితం మీద రాసిస్తాడు. అందులో ఆఖరి వాక్యం అది. చేపలమ్ముకునే వాళ్లింట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు, విని వదిలేస్తారులే అనుకుంది. పాపాయమ్మ వదిలెయ్యలేదు. బడిలో చెప్పిన మాటంటే ఆమెకు అంత గురి.

అట్ట రాసింది కూడా నిస్సీయే. నోటుపుస్తకం అట్టకు నైలాన్ తాడు కట్టి, "ఐ స్పోక్ తెలుగు టుడే" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసింది. తెలుగు మాట్లాడిన పిల్ల దాన్ని మెడలో వేసుకోవాలి. మరొకరు తెలుగు మాట్లాడుతుంటే పట్టిస్తే, అట్ట వాళ్ల మెడలోకి మారుతుంది. మిగతా పిల్లలు దాన్ని గంటకొకరికి తగిలించేవాళ్లు. ఎనిమిదేళ్ల తేజస్విని మాత్రం అది తన మెడలో పడ్డాక ఎవరినీ పట్టించలేదు. అందుకని తొమ్మిది రోజులుగా అది ఆమె మెడలోనే ఉంది.

గోడకు చెవులుంటాయంటారు. ఈ బడి గోడకు నిజంగానే ఉన్నాయి. నల్లబోర్డు పైన కెమెరా, దానికో మైకు. ప్రకాశరావు తన గదిలో కూర్చుని అన్నీ వింటాడు. తరగతిలో టీచరు తెలుగు మాట్లాడితే ఏడున్నర వేల జీతంలో మాటకు వంద కోత. నిస్సీ గూడూరులో డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదువుకుంది. పొద్దున్నే గైడు ముందు పెట్టుకుని ఆ రోజు చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ బట్టీ పట్టి వస్తుంది. అయిదో వాక్యం పిల్లలకే కాదు, ఆమెకూ రాదు.

"శభాష్ పాపాయమ్మా!" అంటూ ప్రకాశరావు వరండాలోకి వచ్చాడు. అంతా విన్నట్టే ఉన్నాడు. "మంచి ఆలోచన. నిస్సీ మేడం, సాయంత్రానికి ముప్పై ఎనిమిది అట్టలు రాసెయ్యండి. ఇంటికొకటి పంపిద్దాం, ఒక్కోదానికి నలభై రూపాయలు పెడదాం."

"సార్, ఆ పిల్ల మాట్లాడ్డమే మానేసిందండి."

"అల్లరి చెయ్యట్లేదుగా, మంచిదే. రాయండమ్మా. మీ సర్టిఫికెట్లు నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. మీకెందుకు దిగులు?"

దిగులంతా వాటి గురించే. పది నుంచి బీఈడీ దాకా అసలు కాగితాలన్నీ చేరిన రోజే తీసుకున్నాడు. ఏడాది మధ్యలో మానేస్తే మూడు నెలల జీతం ఎదురు కడితే గానీ ఇవ్వడు. అవి లేకుండా ఇంకో బడి గుమ్మం ఎక్కనివ్వరు. కుడితిలో పడ్డ ఎలకలా ఉంది ఆమె పని.

ప్రకాశరావు వెళ్లిపోయాడు. పాపాయమ్మ దణ్ణం పెట్టి, తట్ట నెత్తినెత్తుకుని, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లింది.

నిస్సీ లోపలికొచ్చి పుస్తకంలో బొమ్మ చూపించింది. "ఫిష్!" ముప్పై ఏడు గొంతులు "ఫిష్" అన్నాయి. తేజస్విని రెండో బెంచీలో కూర్చుని ఆ బొమ్మకేసే చూస్తోంది. చేరిన కొత్తలో, ఇంటర్వెల్‌లో నిస్సీ టిఫిన్ బాక్సులోకి తొంగిచూసి, "ఇది చందువా చేప కాదు మేడం, మిమ్మల్ని మోసం చేశారు" అని నవ్విన పిల్ల. పొలుసు చూసి చేప పేరు చెప్పగల పిల్ల. ఆ పిల్లను ఈ గతికి తెచ్చింది తన చేతి రాతే. నిస్సీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్ల అట్ట ముందు పెట్టుకుంది. స్కెచ్ పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. లేచి రెండో బెంచీ దగ్గరికి వెళ్లింది.

"తేజూ, ఇవాళ మామ్మ తట్టలో ఏం చేపలున్నాయమ్మా?"

పిల్లలంతా ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. "మేడం తెలుగు! మేడం తెలుగు!"

"అవును, తెలుగే," అంది నిస్సీ. మోకాళ్లమీద కూర్చుని తల వంచింది. "రూలు రూలే కదా. తీసి నాకు వెయ్యి, తల్లీ."

తేజస్విని కెమెరా వైపు చూసింది. టీచరు మెడ వైపు చూసింది. అట్టను రెండు చేతులతో గుండెకు గట్టిగా అదుముకుంది. తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం," అంది. ఎన్నాళ్లుగానో వాడని గొంతు బొంగురుగా వచ్చింది. "మీకొద్దు."

గుమ్మంలో ఆయా పోలమ్మ వచ్చి నిలబడింది.

"సారు రమ్మంటన్నారు మేడం. ఇప్పుడే రావాలంట."

నిస్సీ వెళ్లలేదు. లేచి బెంచీ మీద పిల్ల పక్కన కూర్చుంది.

"పాఠం జరుగుతోందని చెప్పు పోలమ్మా," అంది, మైకుకు వినబడేలా.