ఐదు చుక్క మూడు

బస్సు గుడివాడ దాటగానే, ఒళ్ళోని కాగితాల కట్ట తిరగేస్తున్న తాహిర్ ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. పక్కన నాలుగేళ్ళ సబీనాని ఎత్తుకుని కూర్చున్న అతని భార్య ఫౌజియా అటు తిరిగింది.

"ఏమైందండీ?"

"ఐదు చుక్క మూడు. ఆ సిద్ధాంతం తప్పు."

లెక్కల్లో పీహెచ్‌డీకి చేరి ఆరేళ్ళు. పొడిగింపులు రెండూ అయిపోయాయి. ఇవాళ ఐదింటిలోపు బందరు యూనివర్సిటీలో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే రద్దు. "పిల్లని బళ్ళో వేశాం, వీడింకా బడి మానలేదు," అని తాహిర్ తల్లి సలీమా పొద్దున కూడా దెప్పింది.

తాహిర్ గైడుకి ఫోన్ చేశాడు. పూర్ణచంద్రరావు గారి గొంతు బస్సు రొదలోనూ ఫౌజియాకి వినబడింది.

"ఆఖరిదేగా, ఆ ఐదో చాప్టర్ తీసేయవయ్యా, మిగతా నాలుగూ చాలు. కానీ పోయిన నెల చాప్టర్ల వరస మార్చావుగా! ఆ సిద్ధాంతాన్ని ముందెక్కడైనా వాడావేమో చూడు. వాడుంటే అక్కడా తప్పే, ఇవ్వకు."

తాహిర్ కట్ట మొదటికి తిప్పాడు. అక్షరాలు ఆనడం లేదన్నాడు.

ఫౌజియా ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మానేసింది. ఆ లెక్కల గుర్తులేవీ ఆమెకి తెలియవు, అంకెలు తెలుసు. పిల్లని అతని ఒళ్ళో కూర్చోబెట్టి కట్ట లాక్కుంది. వరస వరసా వేలితో గాలించింది. గుడ్లవల్లేరు పోయింది. నలభై పేజీలు. అరవై.

పెడన దగ్గర, డెబ్బై నాలుగో పేజీలో కనబడింది. 5.3.

బొటనవేలు దానిమీద పెట్టేసింది. చెప్పకపోతే? ఇన్ని కాగితాల్లో ఎవరు చూడొచ్చారు?

"దొరికిందా?"

ఆమె కట్ట అతని వైపు తిప్పింది. వేలు తీసింది.

తాహిర్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"పిచ్చిదానా, ఇక్కడ వాడలేదు. ఐదో చాప్టర్లో, ఐదు చుక్క మూడు దగ్గర, ఈ ఫలితాన్ని ఇంకా విస్తరిస్తామని ముందే చెప్పుకున్నానంతే. ఈ వాక్యం కొట్టేస్తే సరిపోతుంది."

"ఇంకోసారి చూడండి!"

చూశాడు. ఆమె మిగతా పేజీలన్నీ వెతికింది. ఇంకెక్కడా లేదు.

బందరులో డీటీపీ షాపువాడిని బతిమాలి, చాప్టర్ తీయించి, మళ్ళీ ప్రింట్లు, బైండింగులు. నాలుగూ యాభైకి ఆఫీసులో స్టాంపు పడింది.

"డాక్టరు గారూ!" అంది ఫౌజియా మెట్లు దిగుతూ.

"అప్పుడేనా? బయటి యూనివర్సిటీల వాళ్ళిద్దరు చదవాలి. ఆర్నెల్లో, ఏడాదో. ఆ తర్వాత వైవా."

ఆమె సబీనాని చంకన సర్దుకుంది.

"అత్తయ్యతో ఏడాదన్నర అని చెప్తాను. మీరు నోరుజారి ఆర్నెల్లనకండి."