వీధి కింది వాగు

వదినంటే దర్జీకి గౌరవమే. కానీ నగరపాలక సంస్థలో ఇంజనీరైన ఆమె అతని కొట్టు ముందున్న రోడ్డునే తవ్విస్తానంటే మాత్రం ఒళ్లు మండింది. ఆ రోడ్డు కింద వాగు ఉంది. కంపు కొడుతోందని ఎప్పుడో దాన్ని గొట్టంలోకి మళ్లించి పైన కాంక్రీటు పోశారు. ఇప్పుడు మళ్లీ పైకి తేవాలట.

"ఆ దుమ్ములో బట్టలు కుట్టించుకోడానికి ఎవరొస్తారు వదినా?" అన్నాడు.

"పెద్ద వానొస్తే చాలు, నీ కొట్లోకి మోకాలి లోతు నీళ్లొస్తాయి కదా. వాటికి గొట్టం చాలట్లేదు మరిదీ. వాగుకి దాని చోటు వదిలేద్దాం."

దర్జీ మూతి ముడుచుకున్నాడు. మాట్లాడటం మానేశాడు గానీ, మిషను ముందు కూర్చుని చూడటం మానలేకపోయాడు. ముందు ఆమె గడపగడపకీ తిరిగి మురుగునీటిని వేరే గొట్టంలోకి మళ్లించింది. తిట్టినవాళ్ల ఇంటికే మర్నాడు మళ్లీ వెళ్లింది. కాంక్రీటు పగిలాక నల్లటి బురద బయటపడింది. వీధంతా ముక్కు మూసుకుంటే, ఆమె బూట్లేసుకుని అందులోకి దిగింది. గట్టుకి మేస్త్రీలు పేర్చిన రాళ్లు ఓచోట నచ్చక, విసుక్కోకుండా పక్కన నిలబడి మళ్లీ పేర్పించింది.

పని ఇంకా మిగిలుండగానే ఓ మధ్యాహ్నం కుండపోత మొదలైంది. దర్జీ అలవాటుగా బట్టల మూటలు అటకెక్కిస్తుంటే, గుమ్మంలోంచి భార్య పిలిచింది.

"ఒకసారి ఇటు రండి."

ఎర్రటి నీళ్లు కాలువ నిండా ఉరకలేస్తున్నాయి. వాటికోసమే వదిలిన పల్లపు గట్టు మీదికి ఎక్కి, సుడి తిరిగి, కొట్టు మెట్టు దాకా రాకుండానే దిగువకి పోతున్నాయి. అవతలి గట్టున వదిన తడిసి ముద్దై నిలబడి ఉంది. పిడికిళ్లు బిగించి రాళ్లకేసే చూస్తోంది. ఆమెకీ భయం ఉందని దర్జీకి అప్పుడు తెలిసింది. గొడుగు పట్టుకుని చిన్న వంతెన దాటి వెళ్లాడు.

"కొట్లోకి చుక్క రాలేదు వదినా."

"వాన తగ్గాక చెప్పు," అందామె, చూపు తిప్పకుండా.

వాన తగ్గేదాకా ఆమెకి గొడుగు పట్టాడు. ఒక్క రాయీ కదల్లేదు. అప్పుడు గానీ ఆమె పిడికిళ్లు విప్పలేదు.

ఇప్పుడు గట్టున గడ్డి మొలిచింది. సాయంత్రాలు జనం వచ్చి కూర్చుంటున్నారు. దర్జీ మిషను కిటికీ వైపు తిప్పుకున్నాడు. కొత్తవాళ్లెవరైనా వాగు సంగతి అడిగితే, "మా వదిన తెచ్చింది" అని మొదలుపెట్టి, బురద నుంచి వాన దాకా అంతా చెప్పిగానీ వదలడు. చొక్కాకి మాత్రం రేపు రమ్మంటాడు.