ఐసు నమిలే పిల్ల

ఇంట్లో ఆ పిల్లను అందరూ పిడుగు అనే పిలుస్తారు. పదిహేనేళ్లు. వాలీబాల్‌లో ఆమె సర్వీసు చేస్తోందంటే అవతలి జట్టు ముందే వెనక్కి జరిగేది. అలాంటిది ఈమధ్య బంతి నెట్ దాకా పోవడమే గగనమైంది. కాస్త పరిగెత్తేసరికి గుండె దడ, కళ్లకు చీకట్లు.

"మనసు ఆట మీద లేదు, అంతే," అని కోచ్ ఆమెను పక్కన కూర్చోబెట్టాడు.

"ఎప్పుడు చూసినా ఆ ఫోనేనాయె. ఒళ్లు ఎక్కడ వంగుతుంది?" అంది అమ్మ, కుట్టుమిషను ఆపకుండానే.

పిడుగుకు ఒళ్లు మండింది. దానికితోడు, పైకి చెప్పుకోలేని పిచ్చి ఒకటి పట్టుకుంది. అస్తమానం ఐసు నమలాలనిపిస్తోంది. మోకాలి వాపుకు ఐసు పెట్టుకుందామని ఫ్రిజ్ తెరిచిన నాయనమ్మ, ఖాళీ ట్రే చూసి ఇల్లు పీకి పందిరేసింది.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి రమ్మని అమ్మ పంపితే, పిల్ల మెట్ల మధ్యలోనే కూలబడిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. ఉన్నపళంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"ఐసు గానీ, సుద్దముక్కలు గానీ నములుతున్నావా?"

పిడుగు నోరెళ్లబెట్టింది. "మీకెవరు చెప్పారు? నాయనమ్మా?"

"ఇనుము తక్కువైతే కొందరికి అలా అనిపిస్తుందిలే," అని డాక్టరమ్మ నవ్వింది.

రక్తపరీక్షలోనూ అదే తేలింది. "ఎదిగే వయసు. నెలనెలా రక్తం పోతుంది. పొద్దున తిండి మానేసి టీతో సరిపెడతావట. ఇంక ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాత్రలు నిమ్మరసంతో వేసుకో. టీ వాటి దరిదాపుల్లో ఉండకూడదు."

"ఊరికే ఆడిపోసుకున్నానమ్మా నిన్ను," అంది అమ్మ, బయటికి రాగానే.

మొదట్లో మాత్ర పడక కడుపులో తిప్పింది. "నావల్ల కాదు!" అని పిడుగు మొండికేసింది. అమ్మ డాక్టరమ్మను అడిగి, భోజనం తర్వాత ఇవ్వడం మొదలుపెట్టింది. పప్పు, గుడ్లు, ఆకుకూరలు కంచంలో తప్పనిసరయ్యాయి. మెల్లమెల్లగా మొహంలో కళ వచ్చింది. కాళ్లలో సత్తువ వచ్చింది. కోచ్ మళ్లీ ఆటలోకి పిలిచాడు.

పిడుగు అంతటితో ఊరుకునే రకం కాదు. ఆటలో మాటిమాటికీ చతికిలబడుతున్న స్నేహితురాలిని పట్టుకుని రెప్ప లాగి చూసింది. తిన్నగా కోచ్ దగ్గరికి నడిచింది.

"సార్, దీనికీ మనసు ఆట మీద లేదనే అంటున్నారు. నన్నూ అలాగే అన్నారు. జట్టు మొత్తానికీ పరీక్ష చేయిద్దాం సార్."

కోచ్ ఆ పిల్ల పాలిపోయిన మొహం కేసి చూశాడు. "నిజమే, నాకు తట్టలేదు," అన్నాడు. ఆ వారమే డాక్టరమ్మను మైదానానికి పిలిపించాడు.

సూది చూడగానే స్నేహితురాలు చేయి వెనక్కి దాచుకుంది. "ముందు సారుకి చెయ్యండి!"

అమ్మాయిలంతా చప్పట్లు కొట్టారు. కోచ్ చొక్కా చేయి మడిచి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"భయపడకండి సార్," అంది పిడుగు, ఆయన భుజం తట్టి. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే."