పై అరలో నాచు సారం

నేను ఒక సీసాలో ఉంటున్న సముద్రపు నాచు సారాన్ని. ఒకప్పుడు భీమిలి రాళ్ళను పట్టుకుని, తోటి నాచుతో ఒళ్ళు రాసుకుంటూ అలలకు ఊగేదాన్ని. ఆడవాళ్ళు నన్ను కోసి ఇసుకలో ఎండబెట్టారు. ఒక కంపెనీవాళ్ళు మరిగించి, వడగట్టి, సీసాలో బిగించారు. ఆ రోజు నుంచీ ఒంటరిని.

సీసా మీద నా గొప్పలు రాశారు. వాపులు తగ్గిస్తానట, ఒంట్లో కణాలను కాపాడతానట, అయోడిన్ గనినట. రాళ్ళ మీద ఉన్నప్పుడు నాకే తెలియదు! ఆ పరీక్షలు ఎక్కువగా గాజు గొట్టాల్లో, ఎలుకల మీద జరిగాయని మాత్రం రాయలేదు.

విశాఖ ఎగ్జిబిషన్‌లో కాసులమ్మ నన్ను కొంది. ఇంటికెళ్ళి వాసన చూసి, మూత పెట్టేసి, పక్కింటి నూకరత్నం చేతిలో పెట్టింది.

"నీ గుంటకి తాగించవే, నెల్లో బొద్దుగా అయిపోద్ది."

"మరి నువ్వు తాగలేదేటొదినా?"

"నాకింకా బొద్దుతనం ఎందుకే!"

నూకరత్నం కూతురు యామినికి రెండేళ్ళు. అంగన్‌వాడీలో తూచిన ప్రతిసారీ ముల్లు పాత అంకె దాటేది కాదు, తల్లికి ఆ పూట ముద్ద దిగేది కాదు. నన్ను చెంచాలో పోసింది. పిల్ల నోరు తెరిచింది. నా కోసం ఒకరు నోరు తెరవడం అదే మొదలు. అంతలో, ఏమిటో తెలియనిది పిల్లకెలా పొయ్యడమని తల్లి చెంచా వెనక్కి తీసుకుంది. నన్ను మళ్ళీ సీసాలోకి వంచి, నర్సు దగ్గరికి పరుగెత్తింది.

"అయోడిన్ ఎంతుందో రాయలేదు. ఎక్కువైతే పసిపిల్లల థైరాయిడ్ దెబ్బతింటుంది."

"ఒక్క సెంచా అయినా ఎయ్యకూడదా సిస్టరమ్మా?"

"అరచెంచా కూడా వద్దు. ముందు డాక్టరమ్మకి చూపించు."

డాక్టరమ్మ నులిపురుగులకు మాత్ర వేసి, గుడ్డూ పప్పూ పెట్టమంది. నన్ను పారబోయడానికి నూకరత్నానికి మనసొప్పలేదు. అరలో పెట్టింది. పిల్ల నడుస్తూ, పాకుతూ, అందినదల్లా లాగుతూ ఉంటే పై అరకు మార్చింది. వంటింట్లో వాళ్ళిద్దరి నవ్వులూ పైనుంచి వింటూ ఉండేదాన్ని. నా వైపు ఎవరూ చూసేవారు కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఇవాళ యామిని మునివేళ్ళ మీద లేచి సీసాను వేలితో తాకింది.

"ఓలమ్మా, ఇంత పొడుగు అయిపోనావేటే!" నూకరత్నం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వెంటనే నన్ను అటక ఎక్కించింది.

ఇక్కడ చీకటి. పిల్ల నన్ను అందుకునేంత ఎదిగింది. ఆ ఎదుగుదలలో నా చుక్క ఒక్కటీ లేదు.